డాక్టర్ బెల్: బడిలో ప్రార్థన

క్రైస్తవ ప్రాథమిక పాఠశాలలో ఉదయం మొదటి గంట పాఠం కోసం కాదు, ప్రార్థన కోసం మ్రోగుతుంది. పిల్లలు తరగతులవారీగా వరుసలు తీరుతారు. కొంత గ్రంథపఠనం, ఒక గీతం, ఒక ప్రార్థన. ఆ పిమ్మట తరగతులు. ఈ క్రమం ఎంతగా అలవాటైపోయినదంటే, దీనికి ఒక చరిత్ర ఉన్నదనీ, ఆ చరిత్రలో ఒక తీవ్రమైన వివాదం చెలరేగినదనీ సామాన్యంగా ఎవరికీ తోచదు. ఆ వివాదానికి నడుమ నిలిచినవాడు ఆండ్రూ బెల్. ఇంగ్లండులో పేదపిల్లల బడులు వేలకొలదిగా వెలయడానికి కారకుడైన ఈ మతాచార్యుడు తన విద్యావిధానాన్ని కనుగొన్నది ఇంగ్లండులో కాదు, చెన్నపట్నంలో. ఆయనకు దారి చూపినది ఏ విశ్వవిద్యాలయమూ కాదు. ఇసుకలో అక్షరాలు దిద్దించే ఒక నాటు వీధిబడి.

బెల్ 1753 మార్చి 27న స్కాట్లండులోని సెంట్ ఆండ్రూస్ పట్టణంలో జన్మించాడు. తండ్రి వృత్తిచేత క్షురకుడు. అయినా యంత్రాల విషయంలో మంచి నేర్పరి. కుమారునికి చదువుమీద ఆసక్తి మెండు. కాని ఆనాటి బడులలో బెత్తానిదే రాజ్యం. ఏ రోజున దెబ్బలు తప్పుతాయో, ఏ రోజున తప్పవో తెలియక వణుకుతూ బడికి వెళ్ళిన బాల్యాన్ని బెల్ ముసలితనం వరకు మరువలేదు. స్వస్థలంలోని విశ్వవిద్యాలయంలో గణితమూ ప్రకృతిశాస్త్రమూ అభ్యసించి, 1774లో అమెరికాలోని వర్జీనియాకు వెళ్ళాడు. అక్కడ సంపన్నుల పిల్లలకు చదువు చెప్పాడు. పొగాకు వ్యాపారంలో కొంత గడించాడు. 1781లో స్వదేశానికి తిరిగివచ్చి, కొద్దికాలానికి ఆంగ్లికను చర్చిలో మతాచార్యుడైనాడు.

1787లో ఆయన భారతదేశానికి ప్రయాణమైనాడు. కలకత్తా చేరవలెనని బయలుదేరినా, ఓడ చెన్నపట్నం రేవుకు వచ్చిన పిమ్మట అక్కడనే నిలిచిపోయాడు. సైనిక దళాలకు మతగురువు పదవి ఒకటి లభించింది. దాని వెంట మరొకటి, మరొకటి. కొంతకాలానికి ఎనిమిది పదవుల జీతాలు ఒక్కచేతికే అందసాగాయి. పదార్థవిజ్ఞానంపై ఉపన్యాసాలిచ్చి పుచ్చుకున్న రుసుము దీనికి అదనం. ధనార్జనలో బెల్‌కు ఎన్నడూ అశ్రద్ధ లేదు. అటువంటివాడు 1789లో ఎగ్మూరులో స్థాపితమైన సైనిక అనాథ బాలుర ఆశ్రమానికి పర్యవేక్షకుడుగా ఉండ నంగీకరించి, ఆ పనికి ఏర్పరచిన జీతాన్ని మాత్రం వద్దన్నాడు. ఆయన జీవితంలో పదిమందికీ పనికివచ్చిన ఘట్టం ఈ త్యాగంతోనే ఆరంభమైనది.

ఆ ఆశ్రమంలోని బాలురు తెల్లసైనికులకూ ఈ దేశపు స్త్రీలకూ పుట్టిన బిడ్డలు. తండ్రులు కొందరు యుద్ధాలలో మరణించారు. కొందరు బిడ్డలను విడిచి ఓడ యెక్కారు. తండ్రి జాతివారు వారిని తమవారని అనరు; తల్లి జాతివారు తమలో కలుపుకొనరు. ఈ పిల్లలు మందబుద్ధులు, చదువు వీరికి అంటదు అని ఆనాటి పెద్దల అభిప్రాయం. బోధించడానికి నియమితులైన ఉపాధ్యాయులకూ అదే నమ్మకం. అక్షరాలు నేర్వడానికే నెలలు గడిచేవి. బెల్‌కు మాత్రం లోపం పిల్లలలో కాక చెప్పే పద్ధతిలో ఉన్నదని తోచింది. కాని మరొక పద్ధతి ఏదో ఆయనకూ తెలియదు.

ఒకనాటి ఉదయం ఆయన గుర్రమెక్కి పోతూ ఒక నాటు బడిని చూచాడు. తమిళులను ఆనాటి ఆంగ్లేయులు మలబారులనేవారు. ఆ బడిని బెల్ మలబారు బడిగానే పేర్కొన్నాడు. పిల్లలు నేలమీద కూర్చుండి, ఎదుట పరచిన ఇసుకలో వ్రేలితో అక్షరాలు దిద్దుతున్నారు. కాగితం లేదు, సిరా లేదు, పలక లేదు. తప్పు వస్తే అరచేతితో చెరిపి మరల వ్రాయడమే. మన తాతముత్తాతలు ఓనమాలు దిద్దినది ఈ విధంగానే. ఈ దేశస్థునికి నిత్యమూ కనబడే దృశ్యం కనుక ఎవరికీ వింత గొలుపదు. బెల్‌కు అది వెతుకుతున్న నిధి దొరికినట్లయినది. వెంటనే ఆశ్రమానికి మరలివచ్చి, క్రింది తరగతికి ఇసుకలో అక్షరాలు నేర్పవలెనని ఉపాధ్యాయుని ఆజ్ఞాపించాడు.

ఉపాధ్యాయుడు సమ్మతింపలేదు. అది జరిగే పని కాదన్నాడు. నచ్చజెప్పి చూచినా ఫలితం లేకపోయింది. అప్పుడు బెల్ పెద్దవారిని విడిచి, ఎనిమిదేళ్ళ బాలుని ఒకనిని పిలిచాడు. ఒక సామాన్య సైనికుని కుమారుడైన ఆ బాలుని పేరు జాన్ ఫ్రిస్కిన్. ఇసుక పద్ధతిని అతనికి వివరించి, అక్షరాలు నేర్చే తరగతిని అతనికే అప్పగించాడు. పెద్దవాడు అసాధ్యమన్న పనిని చిన్నవాడు సుసాధ్యం చేశాడు. ఆపైన బెల్ ఒక్కొక్క తరగతిని ఒక్కొక్క బాలునికి అప్పగిస్తూ వచ్చాడు. కొద్దికాలంలోనే ఆ పాఠశాలలో పిల్లలకు పిల్లలే గురువులైనారు. పై తరగతివాడు క్రింది తరగతివానికి చెప్పడం, చెప్పడంవల్ల తాను మరింత నేర్వడం, ఇదే పిమ్మట మద్రాసు విధానమని లోకమంతటా ప్రసిద్ధికెక్కింది.

శిక్ష విషయంలోనూ ఆయన క్రొత్త దారి తొక్కాడు. తప్పులు వ్రాసి ఉంచడానికి ఒక నల్ల పుస్తకం పెట్టాడు. దానిలోని నేరాలను విచారించడానికి బాలురతోనే న్యాయసభను ఏర్పరచాడు. అందుచేత బెత్తంతో పని చాలవరకు తగ్గిపోయింది. చిన్ననాడు వణుకుతూ బడికి వెళ్ళినవాడు పిల్లలకు ఆ భయం లేకుండా చేయగలిగాడు. చదువు అంటదనిపించుకున్న ఆ అనాథలలో విలియం స్మిత్ అనే యువకుడు 1794లో, బందీలుగా ఉన్న తన కుమారులను టిప్పుసుల్తాను వద్దకు తిరిగి చేర్చిన బృందంతో వెళ్ళి, ఆ సుల్తాను ఎదుట విజ్ఞానశాస్త్ర ప్రయోగాలు చేసి చూపించాడు. పిల్లవానిని నమ్మడమే బెల్ విద్యావిధానానికి జీవగర్ర. నమ్మి అప్పగించిన పనిని పిల్లవాడు నిలబెట్టుకొంటాడని ఆయన ఎగ్మూరులో కళ్ళారా చూచాడు.

చదువుతోపాటు ప్రార్థనా మతబోధా ఆ ఆశ్రమ జీవనంలో భాగాలు. బాలురను మంచి మనుష్యులుగా, మంచి పౌరులుగా, మంచి క్రైస్తవులుగా తీర్చిదిద్దడమే తన ధ్యేయమని బెల్ తలచాడు. ఆ ధ్యేయానికి అక్కడ ఎదురుచెప్పినవారు లేరు. ఎందుచేతనంటే అది బడి మాత్రమే కాదు, ఇల్లు కూడా. ఆ పిల్లలకు వేరే గడప లేదు. ఇంటిలో ఒక దైవం, బడిలో ఒక దైవం అనే చిక్కు లేదు. ఒకే కప్పు క్రింద పెరిగే బిడ్డలందరూ ఒక్క గొంతుతో ప్రార్థించడం సహజంగానే ఉండేది. ఈ సౌలభ్యం ఆ ఒక్క చోటికే చెందినదని బెల్ గ్రహింపలేదు. ఆయన జీవితంలోని చిక్కుకు మూలం ఇక్కడనే ఉన్నది.

1796లో బెల్ సంపన్నుడై స్వదేశానికి మరలాడు. మరుసటి సంవత్సరం తన ప్రయోగాన్ని వివరిస్తూ ఒక చిన్న పుస్తకాన్ని లండనులో ప్రకటించాడు. 1798లో లండనులోని ఆల్డ్‌గేటు చర్చికి చెందిన ధర్మపాఠశాల ఈ విధానాన్ని మొదట అవలంబించింది. సరిగా ఆ సంవత్సరంలోనే, ఆ నగరంలోనే, జోసెఫ్ లాంకస్టర్ అనే ఇరువదేళ్ళ యువకుడు పేదపిల్లలకు ఒక బడి పెట్టాడు. అతడు క్వేకరు, అంటే పూజారీ, సంస్కారాలూ లేకుండా మౌనంగా కూర్చుండి దైవధ్యానం చేసే క్రైస్తవ శాఖకు చెందినవాడు. ఉపాధ్యాయులకు జీతమిచ్చే శక్తి లేక అతడూ పిల్లలచేతనే పాఠాలు చెప్పించాడు. బెల్ పుస్తకంనుండి తాను నేర్చిన సంగతులున్నవని 1803లో వెలువరించిన తన గ్రంథంలో ఒప్పుకున్నాడు. స్వానేజి గ్రామంలో మతాచార్యుడుగా ఉన్న బెల్‌ను స్వయంగా వెళ్ళి దర్శించాడు కూడా. ఒక్క గురువు పర్యవేక్షణలో వందలకొలది పిల్లలు చదివే అతని బడిని చూడడానికి ప్రభువులు సైతం వచ్చేవారు. 1805లో మూడవ జార్జి రాజు అతనిని పిలిపించి మాటాడాడు.

ఇద్దరి పద్ధతీ ఇంచుమించు ఒకటే. ఇద్దరి బడులలోనూ బైబిలు చదివించేవారు. భేదం వచ్చినది ప్రార్థన దగ్గర, మతసూత్రాల దగ్గర. లాంకస్టర్ బడిలో ఏ శాఖకూ ప్రత్యేకమైన సూత్రపాఠం లేదు. ఏ శాఖ పిల్లవాడైనా ఆ బల్లమీద కూర్చుండవచ్చును. ఇది ఆంగ్లికను చర్చి పెద్దలకు కలవరం కలిగించింది. దేశంలోని పేదపిల్లలందరూ చర్చి ప్రార్థనలు ఎరుగకుండా పెరిగితే చర్చి గతి ఏమిటని వారు భయపడినారు. బాలల పుస్తకాల రచయిత్రిగా పేరొందిన సారా ట్రిమ్మర్ 1805లో లాంకస్టర్‌ను ఖండిస్తూ ఒక గ్రంథమే వ్రాసింది. ఈ విధానానికి అసలు కర్త తమ చర్చికి చెందిన బెల్ అని చాటి, ఆయనను ముందు నిలిపింది.

బెల్ ఈ పిలుపును ఆనందంగా అందుకున్నాడు. కాని ఈ కాలంలో ఆయన అభిప్రాయాలు చదివితే ఎగ్మూరు బెల్ ఈయనేనా అనే సందేహం కలుగుతుంది. పేదపిల్లలకు బైబిలు చదవగల నేర్పు చాలుననీ, అందరికీ వ్రాతా లెక్కలూ నేర్పితే కాయకష్టంతో బ్రతకవలసినవారు తమ స్థితికి మించిన ఆశలు పెంచుకొంటారనీ ఆయన వ్రాశాడు. ఇసుకలో వ్రాయించడంతో కీర్తి గడించినవాడే వ్రాతకు హద్దు గీశాడు. ఆయన బడుల ఆచరణలో ఆ హద్దు నిలువలేదు. వ్రాతా లెక్కలూ అక్కడ ప్రవేశించనే ప్రవేశించాయి. నిలిచినది మతవిషయమైన హద్దు మాత్రమే.

1811 అక్టోబరులో ఆంగ్లికను చర్చి పెద్దలు నేషనల్ సొసైటీ అనే సంఘాన్ని స్థాపించారు. పేదలకు ఆంగ్లికను చర్చి సిద్ధాంతాలను అనుసరించి విద్య నేర్పడం దాని ఆశయం. బెల్ విధానమే దాని విధానమైనది. బెల్ దానికి పెద్ద దిక్కైనాడు. సంఘంలో చేరదలచిన బడులకు నియమాలు ఏర్పడినాయి. చర్చి ప్రార్థనలూ, ప్రశ్నోత్తర రూపమైన మతసూత్రాలూ ప్రతి పిల్లవాడూ నేర్వవలెను. ఆదివారం నాడు చర్చికి వెళ్ళవలెను. లాంకస్టర్ పక్షంవారు తమ సంఘాన్ని వేరుగా నడుపుకున్నారు. అదే 1814లో బ్రిటిష్ అండ్ ఫారిన్ స్కూల్ సొసైటీ అయినది. ఒకే ఇసుకలో మొలచిన విధానం ప్రార్థన దగ్గర రెండుగా చీలిపోయింది.

1812లో లండనులోని బాల్డ్విన్స్ గార్డెన్స్ వీధిలో నేషనల్ సొసైటీ కేంద్రపాఠశాల తెరువబడింది. దేశం నలుమూలలనుండి ఉపాధ్యాయులు పద్ధతి నేర్వడానికి అక్కడికి వచ్చేవారు. అక్కడ ఉదయం పని ప్రార్థనతో మొదలయ్యేది. ఆంగ్లికను ప్రార్థనాగ్రంథంలోని ఉదయారాధనకు సంబంధించిన చిన్న ప్రార్థనలూ, క్రీస్తు శిష్యులకు నేర్పిన ప్రార్థనా వరుసగా చదివేవారు. వాటిని పిల్లలలోనే ఒకడు అందరి పక్షాన చదవడం ఆ బడి ఆచారం. పాఠం చెప్పడంవలెనే ప్రార్థన నడపడం కూడా పిల్లవాని చేతికే వచ్చినదన్నమాట. బెల్ పద్ధతికి ఇది సహజమైన ఫలం. పెద్ద గదిలో వందలాది పిల్లలు నిశ్శబ్దంగా నిలువగా, వారి యీడువాడే ఒకడు గొంతెత్తి ప్రార్థించడం చూచినవారి హృదయాలను కదలించి ఉండవచ్చును.

అయితే ఈ ఏర్పాటులో రెండు లోపాలున్నవి. మొదటిది, ప్రార్థన కూడా పాఠమైపోవడం. మతసూత్రాలను చిన్నచిన్న ప్రశ్నలుగా విరుగగొట్టి, పిల్ల గురువులు అడుగగా పిల్లలు వల్లెవేసేవారు. అక్షరం వల్లెవేస్తే వస్తుంది. భక్తి ఆ దారిన వస్తుందా? రెండవది ఇంతకంటె బరువైనది. ఇంగ్లండు గ్రామం ఎగ్మూరు ఆశ్రమం కాదు. అక్కడి పిల్లవానికి ఇల్లున్నది, తల్లిదండ్రులున్నారు; వారు మెథడిస్టులో, బాప్టిస్టులో, రోమను కాథలికులో కావచ్చును. ఊరికి బడి ఒక్కటే, అది నేషనల్ సొసైటీ బడే. దానిలో చేరితే ఇంటి విశ్వాసానికి భిన్నమైన సూత్రాన్ని ప్రతిదినమూ నోట పలుకవలెను. ఆదివారం తండ్రి ఒక మందిరానికీ కొడుకు మరొక మందిరానికీ వెళ్ళవలెను. చేరకుంటే అక్షరం రాదు. పేదవానిముందు ఇటువంటి బేరం పెట్టడం న్యాయమేనా అనే ప్రశ్న దేశమంతటా రగిలింది. స్థానికంగా కొందరు పెద్దలు దయతలచి ఇటువంటి పిల్లలను విడిచిపెట్టిన సందర్భాలున్నవి. కాని అది దయ మాత్రమే, హక్కు కాదు.

ఈ వివాదం సాగుతున్న రోజులలో బెల్ మాత్రం ఊరూరా తిరుగుతూ బడులను పరీక్షించేవాడు. సదే, వర్డ్స్‌వర్త్ వంటి మహాకవులు ఆయనను మెచ్చుకున్నారు. వింత ఏమిటంటే, ఆయన కీర్తికి మూలమైన నాటు బడులను మరొక ఆంగ్లేయుడు ఇక్కడ శ్రద్ధగా పరిశీలించాడు. తెలుగు వ్యాకరణకర్త అయిన ఏ. డి. కాంబెల్ 1823లో బళ్ళారి కలెక్టరుగా ఆ జిల్లా బడులపై ప్రభుత్వానికి ఒక నివేదిక పంపాడు. పై విద్యార్థి క్రింది విద్యార్థికి చెప్పే ఈ దేశపు పద్ధతి మెచ్చదగినదనీ, ఇంగ్లండు దానిని అనుకరించడం తగినపనే అనీ అందులో పేర్కొన్నాడు. ఉదయం అందరికంటె ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాసే ఆచారాన్ని కూడా ఆయన వర్ణించాడు. మన వీధిబడిలోనూ దినం దైవస్మరణతోనే మొదలయ్యేది. ఓనమాలే ఒక నమస్కారం. ఇసుకలో అక్షరాన్ని చూచిన బెల్, ఆ అక్షరం వెనుక ఆ పిల్లవాని ఇంటి దైవం ఉన్నదని గమనించి ఉంటే, ఇంగ్లండులోని పరశాఖల పిల్లవాని ఇల్లు కూడా ఆయనకు కనిపించి ఉండేదేమో.

స్వభావంచేత బెల్ పట్టుదల మనిషి. తన పద్ధతిలో రవ్వంత మార్పునైనా సహించేవాడు కాదు. 1800లో చేసుకున్న వివాహం కొద్ది సంవత్సరాలకే విడిపోయింది. బడులే ఆయన సంసారమైనాయి. పదవులూ గౌరవాలూ లభించాయి, ధనం పెరిగింది. ఆ ధనాన్ని ఇంచుమించు లక్షా ఇరువదివేల పౌనుల మేర విద్యకే ధారపోశాడు. సెంట్ ఆండ్రూస్‌లో ఆయన ధనంతో వెలసిన విద్యాలయానికి మద్రాసు కాలేజీ అని పేరు. ఇప్పటికీ ఆ పేరే చెల్లుతున్నది. 1832 జనవరి 27న చెల్టన్‌హాంలో మరణించగా, వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధి చేశారు. ఆ నాటికి ఆయన విధానాన్ని అవలంబించిన బడులు పన్నెండువేలకు పైబడినవని లెక్క. 1876లో ఎడింబరో, సెంట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయాలలో విద్యాశాస్త్రానికి ఆచార్యపీఠాలు వెలసినది కూడా ఆయన విడిచిన నిధితోనే.

పిల్లలే గురువులుగా ఉండే పద్ధతి ఆయన అనంతరం ఎన్నో ఏళ్ళు నిలువలేదు. శిక్షణ పొందిన ఉపాధ్యాయులు రావడంతో అది వెనుకబడింది. బడిలో ప్రార్థన మాత్రం నిలిచింది. దానితో ఆయన విడిచిపోయిన చిక్కు కూడా నిలిచింది. 1833లో ప్రభుత్వం మొదటిసారిగా బడుల నిర్మాణానికి ఇచ్చిన ఇరువదివేల పౌనులు ఆ రెండు సంఘాలద్వారానే పంపిణీ అయినాయి. ప్రజల సొమ్ము వచ్చిన పిమ్మట ప్రజల అంతరాత్మ మాట కూడా వినవలసివచ్చింది. 1870 నాటి విద్యాశాసనం ఒక పరిష్కారాన్ని చూపింది. ప్రభుత్వ ధనం పుచ్చుకునే బడిలో ఆరాధనగాని మతబోధగాని పని మొదటనో చివరనో మాత్రమే జరుగవలెను. ఇష్టం లేని తల్లిదండ్రులు ఆ సమయంలో తమ బిడ్డను తప్పించవచ్చును. అందువల్ల ఆ బిడ్డ చదువుకు హాని కలుగరాదు. 1944 నాటి శాసనం ఇంగ్లండు, వేల్సు దేశాల ప్రతి ప్రభుత్వ, సహాయక పాఠశాలలోనూ దినం సామూహిక ఆరాధనతో మొదలు కావలెనని విధించింది. తప్పించుకునే హక్కునూ దానితోపాటే నిలిపింది. 1988లో ఆరాధన దినంలో ఏ వేళనైనా జరుగవచ్చునన్న సడలింపు వచ్చింది. హక్కు మాత్రం చెక్కుచెదరలేదు.

1950లో అమలులోకి వచ్చిన భారత రాజ్యాంగం ఇరువదియెనిమిదవ అధికరణంలో ఇంకొక అడుగు ముందుకు వేసింది. ప్రభుత్వ గుర్తింపుగాని సహాయంగాని పొందే విద్యాలయంలో ఆరాధనకు హాజరు కావలసినదని ఎవరినీ నిర్బంధించరాదు. మైనరు బాలుడైతే సంరక్షకుని సమ్మతి ఉండవలెను. అక్కడ వద్దన్నవాడు తప్పుకోవచ్చును. ఇక్కడ సరే అన్నవాడే పాల్గొనవలెను. తెలుగుదేశంలోని క్రైస్తవ పాఠశాలలలో అన్యమతాల పిల్లలు ఎందరో చదువుకున్నారు, చదువుకుంటున్నారు. ఉదయపు వరుసలో వారూ నిలుస్తారు. వారి మౌనాన్ని మన్నించడం కూడా అక్కడి ఉపాధ్యాయుని ఆరాధనలో భాగమే.

ఎనిమిదేళ్ళ ఫ్రిస్కిన్ చేతికి ఒక తరగతినే అప్పగించిన బెల్, పిల్లవాడు తనంతట తాను దైవాన్ని వెతుక్కోగలడని మాత్రం నమ్మలేకపోయాడు. ఆ లోపాన్ని దిద్దడానికి ఒక దేశానికి తరాలు పట్టింది. అయినా దిద్దవలసినదేమిటో తెలిపినది కూడా ఆయన మద్రాసు పాఠమే. ఇసుకలో వ్రాసిన అక్షరం తప్పైతే చెరిపి మరల వ్రాయవచ్చును, చెరపడానికి సిగ్గుపడనక్కరలేదు.